ఫ్రిజ్‌లోకి వెళ్లగానే ట్రిస్ పీహెచ్ ఎందుకు పెరుగుతోంది?

ప్రశ్న: ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం రొయ్య తలకాయల నుంచి ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ తీస్తున్నాను. 50 మిల్లీమోలార్ ట్రిస్ బఫర్‌ను (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణం) పీహెచ్ 8.0కి సరిచేసి ఫ్రిజ్‌లో పెట్టాను. మర్నాడు చల్లగా ఉండగానే చూస్తే 8.8! ల్యాబ్‌లో ఏసీ లేదు, 33 డిగ్రీలుంది. మీటర్ చెడిపోయిందా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: మీటర్ నిజమే చెబుతోంది. ట్రిస్ గుణమే అంత: ఒక్కో డిగ్రీ చల్లబడే కొద్దీ పీహెచ్ సుమారు 0.028 పెరుగుతుంది. 33 నుంచి 4కి 29 డిగ్రీల తేడా, అంటే 0.81. మీ లెక్క అక్షరాలా సరిపోయింది. మీటర్‌లోని ఏటీసీ (ఆటోమేటిక్‌గా ఉష్ణోగ్రతను సవరించే ఏర్పాటు) ఈ తేడాను సరిదిద్దదు. అది ఎలక్ట్రోడ్ స్పందనను మాత్రమే సవరిస్తుంది. చాలామంది పొరబడేది ఇక్కడే.

ప్రొటీన్‌ను వేరుచేసే కాలమ్ 4 డిగ్రీల దగ్గర నడిపితే బఫర్‌నూ అక్కడే సరిచేయండి. వీలుకాకపోతే, ఐసు నీళ్లతో 25కి తెచ్చి 7.4 దగ్గర ఆపండి, చల్లబడ్డాక 8.0కి వస్తుంది.

లీటరుకు ట్రిస్ బేస్ 6.06 గ్రాములు. ట్రిస్ హైడ్రోక్లోరైడ్ డబ్బా పక్కనే ఉంటుంది, పొరపాటున అది తూచకండి. 800 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి, ఉప్పు వేయాల్సి ఉంటే అదీ వేసి, ఆపైనే ఆసిడ్ పోయండి. చివరి దశలో పలుచని హైడ్రోక్లోరిక్ ఆసిడ్ చుక్కచుక్కగా వేయాలి. వేడెక్కితే చల్లారనివ్వాలి. పీహెచ్ మరీ తగ్గిపోయిందని సోడియం హైడ్రాక్సైడ్‌తో వెనక్కి లాగితే ఉప్పు పెరిగి, అయాన్ ఎక్స్ఛేంజ్ కాలమ్‌కు ప్రొటీన్ అతుక్కోకపోవచ్చు. మళ్లీ మొదటి నుంచి కలుపుకోవడమే మంచిది.

ఫాస్ఫేట్ బఫర్‌కు వేడి బెడద చాలా తక్కువే, కానీ మీ ఎంజైమ్‌ను ఫాస్ఫేటే అడ్డుకుంటుంది. లోహ అయాన్లను పట్టేసే ఈడీటీఏ కూడా వద్దు, ఎంజైమ్‌లోని జింకును లాగేస్తుంది.

ప్రశ్న: 0.5 మోలార్ ఈడీటీఏ గంటసేపు స్టిర్రర్ మీద తిప్పినా కరగలేదు.
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: పీహెచ్ 8 దగ్గరికి వస్తేగాని అది కరగదు. 186.1 గ్రాముల డైసోడియం లవణాన్ని 800 మిల్లీలీటర్ల నీళ్లలో వేసి, తిప్పుతూ సోడియం హైడ్రాక్సైడ్ బిళ్లలు కొద్దికొద్దిగా వేయండి. దాదాపు 20 గ్రాములు పడతాయి. నీళ్లు తేటపడ్డాక లీటరు చేయండి. సీసా మీద డైసోడియం డైహైడ్రేట్ అని ఉందో లేదో ముందే చూసుకోండి. వేరే రూపమైతే తూకమూ మారుతుంది, బిళ్లల లెక్కా మారుతుంది.