ఆర్కిటెక్చర్‌లో 9 మార్కులు, ఏఐ కోర్సుకి 80 వేలు

ప్రశ్న: మా అబ్బాయి సీఎస్ఈ రెండో సంవత్సరం. కంప్యూటర్ ఆర్గనైజేషన్ అండ్ ఆర్కిటెక్చర్ మొదటి మిడ్‌లో 30కి 9 వచ్చాయి. "అది పాత చింతకాయ సబ్జెక్టు నాన్నా, ఉద్యోగానికి పనికిరాదు" అంటున్నాడు. ఆరు నెలల ఏఐ కోర్సు ఉందట, ఫీజు 80 వేలు. అందులో చేర్చాలా, ఈ సబ్జెక్టుకి ట్యూషన్ పెట్టించాలా? మా తోడల్లుడి కొడుకు ఇప్పటికే ఏఐ నేర్చుకుంటున్నాడు. టెన్షన్‌గా ఉంది.
– ఒక తండ్రి, నల్లగొండ

జవాబు: ముందు ఆ తోడల్లుడి కొడుకుని ఈ లెక్కలోంచి తీసేయండి.

మొదటి మిడ్ మార్కులు ఇంటికి చేరిన వారంలో నాకు ఇలాంటి ఉత్తరాలు వరసగా వస్తాయి. కోర్సా, ట్యూషనా అని అడుగుతారు గానీ, లోపలి భయం 'మావాడు తప్పు బ్రాంచిలో పడ్డాడేమో' అని. పడలేదండీ. ఈ సబ్జెక్టు దగ్గర తడబడేవాళ్లు చాలామంది. మొదటి ఏడాది సీ ప్రోగ్రాం రాసి రన్ చేస్తే ఎదురుగా జవాబు కనిపించేది. కంప్యూటర్ లోపల ఎలా పనిచేస్తుందో చెప్పే ఈ సబ్జెక్టులో రిజిస్టర్లు, అడ్రసింగ్ మోడ్‌లు, పైప్‌లైన్ అంటూ బోర్డు నిండా డబ్బాలూ బాణాలే. నేనూ 8085 అనే పాత ప్రాసెసర్ చిప్ 40 పిన్నుల బొమ్మ బట్టీ పట్టి గట్టెక్కినవాణ్ణే. ఆ పిన్నులు ఎందుకున్నాయో మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

నిజానికి మీ ఇంట్లో వంట చేసేవాళ్లకి ఇందులో సగం తెలుసు. పొయ్యి పక్కనే పోపుల డబ్బా ఎందుకుంటుంది? ప్రాసెసర్ పక్కన క్యాష్ మెమరీ, అంటే తరచూ కావాల్సిన డేటాని దగ్గరే ఉంచుకునే చిన్న మెమరీ, ఉండేదీ అందుకే. పోపుల డబ్బాలోంచి ఆవాలు తీయడానికి ఐదు సెకన్లు పట్టిందనుకోండి. ఆ లెక్కన ర్యామ్ నుంచి తేవడమంటే వీధి చివర కొట్టుకి వెళ్లి నాలుగైదు నిమిషాల్లో రావడం. ఎస్‌ఎస్‌డీ నుంచి తేవాలంటే ఐదారు రోజుల ప్రయాణం. ఇంత తేడా ఉంది కాబట్టే క్యాష్ గురించి ఒక యూనిట్ అంతా చెబుతారు. మీవాడికి ఈ తేడా ఎవరైనా చెప్పారా అని నా సందేహం.

వాడి మాటలో ఒక నిజం ఉంది. మామూలు సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూలో క్యాష్ మ్యాపింగ్ లెక్క అరుదుగా అడుగుతారు. కానీ తర్వాత వచ్చే ఆపరేటింగ్ సిస్టమ్స్ దీని మీదే నిలబడుతుంది, ఎంటెక్ ప్రవేశానికి రాసే గేట్ పరీక్ష సిలబస్‌లోనూ ఉంది. అన్నట్టు, ఏఐ పేరు పెట్టుకున్న బ్రాంచిలకి మారినా చాలా కాలేజీల్లో ఇదే సబ్జెక్టు ఎదురవుతుంది.

ఇక ఆ ఏఐ కోర్సు. నేను ఏఐకి వ్యతిరేకిని కాను. కానీ నేను చూసిన ఆరు నెలల కోర్సుల్లో ఎక్కువ భాగం, ఎవరో రాసి పెట్టిన ప్రోగ్రాంల లైబ్రరీని నాలుగు లైన్లలో పిలవడం నేర్పి, చివర్లో ఒక సర్టిఫికెట్ చేతిలో పెడతాయి. ప్రోగ్రాం నడిచినంతసేపూ బాగానే ఉంటుంది, ఆగిపోయినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. 700 కోట్ల పారామీటర్లు, అంటే అది నేర్చుకుని దాచుకున్న అంకెలు, ఉన్న ఏఐ మోడల్‌ని తీసుకోండి. ఒక్కోదానికి రెండు బైట్లు చొప్పున 14 జీబీ. మీవాడి ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ కార్డులో 6 జీబీ ఉంటే అది పట్టదు. ఒక్కో పారామీటర్‌ని నాలుగు బిట్లకి కుదిస్తే మూడున్నర జీబీ అవుతుంది, అప్పుడు పడుతుంది, కాకపోతే నాణ్యత కొంత తగ్గుతుంది. బిట్లు, బైట్లు, మెమరీ అంటే వీడు వద్దంటున్న సబ్జెక్టే కదా! ఇది రాని పిల్లాడు ఎర్రర్ రాగానే చేతులెత్తేస్తాడు.

మీకు కోపం వచ్చినా ఒక మాట. ఆ 80 వేలతో మీరు కొనబోయేది మీ మనశ్శాంతి. అదీ ఆరు నెలలే. వాడికి 9 ఎందుకొచ్చాయో వాడినే అడిగారా? మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు. తోడల్లుడి ఇంటి సంగతి మాత్రం ఉంది. పందొమ్మిదేళ్ల కుర్రాడికి ఇంట్లో ఎవరితో పోలుస్తున్నారో బాగా తెలుస్తుంది. 'పనికిరాని సబ్జెక్టు' అన్న మాట వెనక సిగ్గు కూడా ఉండొచ్చు.

అలాగని చిప్‌ల మోజులోనూ పడకండి. ఐఐటీ మద్రాసు శక్తి ప్రాసెసర్ చేసింది, హైదరాబాద్‌లో ఏఎండీ, క్వాల్‌కామ్ లాంటి చిప్ కంపెనీల ఆఫీసులున్నాయి. అంతమాత్రాన చిప్ డిజైన్ నేర్పే వీఎల్‌ఎస్‌ఐ కోర్సు ఫీజు కట్టేయక్కర్లేదు.

ట్యూషన్ కూడా అక్కర్లేదు. ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ పాఠాల సైట్‌లో ఐఐటీ వాళ్ల పాఠాలు ఉచితంగా ఉన్నాయి, రోజుకొకటి చాలు. దాంతోపాటు ఈ శనివారం వాడిని ఒక పని చేయమనండి. సీలో పది వేల అడ్డవరసలు, పది వేల నిలువువరసలున్న పూర్ణాంకాల మ్యాట్రిక్స్ తీసుకుని మొత్తం కూడాలి. ఒకసారి అడ్డవరసల వెంట, ఒకసారి నిలువువరసల వెంట. కంపైలర్ ఆప్టిమైజేషన్ ఆపేసి రెండిటి టైమూ చూడాలి. జవాబు ఒకటే, కానీ రెండోది బాగా ఆలస్యమవుతుంది. ఎందుకో వాడే వెతకాలి. మెమరీ నుంచి సాధారణంగా 64 బైట్లు ఒకేసారి వస్తాయన్నది ఒక్కటే నేనిచ్చే క్లూ.

ఆ రెండు టైములూ, వాడికి తోచిన కారణమూ వాడి మాటల్లోనే నాకు రాసి పంపమనండి. 80 వేల సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.