టోక్యోలో బుజ్జిగాడి స్కూల్ సీటు గురించి

చి.సౌ. లలితకు, పిన్ని ఆశీస్సులు.

అల్లుడుగారికి టోక్యో పోస్టింగ్ ఖాయమైందనీ, నువ్వు అప్పుడే బుజ్జిగాణ్ణి స్పోకెన్ ఇంగ్లిష్ ట్యూషన్‌లో చేర్పించావనీ మీ అమ్మ చెప్పింది. అక్కడ సెల్ఫ్ ఇంట్రడక్షన్ బట్టీ పట్టిస్తుంటే మాత్రం ఇవాళే మాన్పించు.

ఆ పని చేసి దెబ్బతిన్నదాన్ని నేను. మీ తమ్ముణ్ణి టోక్యోలోనే ఒక ఇంటర్నేషనల్ స్కూల్‌కి తీసుకెళ్తే పేరు, ఊరు, హాబీ అన్నీ గడగడా అప్పజెప్పాడు. టీచరమ్మ నవ్వి ఒక బొమ్మ ముందు పెట్టింది. వానలో తడుస్తున్న కుక్క, పక్కన గొడుగుతో ఒక పిల్లాడు. "తర్వాత ఏం జరుగుతుందంటావ్?" అంది. వీడు నా మొహం చూశాడు. నేను ఉండబట్టలేక మెల్లగా అందించాను. ఆవిడ మర్యాదగానే నన్ను బయట కూర్చోమంది. సీటు రాలేదు. నాలుగేళ్లు ఇంగ్లిష్ మీడియంలో చదివినవాడు! వాడి బడిలో ప్రశ్నా జవాబూ రెండూ నోట్సులోనే ఉండేవి, వాడి తప్పేముంది?

ఆ స్కూళ్లలో ఇంగ్లిష్ వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం విడివిడిగా చూస్తారు. పిల్లాడికి ఇంగ్లిష్ ఎంత వచ్చో చూసే విడా అనే కొలత వాడే స్కూళ్లలో ఒక్కోదానికీ 1 నుంచి 6 దాకా లెవెల్ ఉంటుంది. కొన్నిచోట్ల క్యాట్4 అని ఆలోచించే శక్తిని చూసే పరీక్ష పెడతారు. అందులో భాషతో పనిలేని బొమ్మల ప్రశ్నలూ ఉంటాయి కాబట్టి పిల్లాడి తెలివి దాగదు. ఇంగ్లిష్ తక్కువైనవాళ్లకి ఈఏఎల్ అని, అంటే ఇంగ్లిష్‌ని అదనపు భాషగా, విడిగా నేర్పుతారు. వాడి క్లాసులో ఆ సీట్లు ఖాళీ లేకపోతేనే చిక్కు. అందుకని ముందు అదే అడుగు, దానికి వేరే ఫీజు ఉందేమో కూడా.

ఫారంలో ఇంటి భాష అన్నచోట తెలుగు అనే రాయి. ఇంగ్లిష్ అని గొప్పకు పోతే అందాల్సిన సాయం అందకపోవచ్చు.

ఇంకోటి. ఆర్నెల్లలో వాడు స్నేహితులతో టకటకా మాట్లాడేస్తాడు, చూసి మురిసిపోకు. కబుర్ల భాష రెండేళ్లలో వస్తుంది గానీ పాఠాల భాషకు ఐదు నుంచి ఏడేళ్లు పడుతుందని జిమ్ కమిన్స్ అనే పరిశోధకుడు ఏనాడో చెప్పాడు. పెద్ద క్లాసుల్లో సీటు కష్టమయ్యేది ఇందుకే. చాలా ఇంటర్నేషనల్ స్కూళ్లలో చివరి రెండేళ్లు చదివే ఐబీ డిప్లొమాలో 4,000 పదాల దాకా వ్యాసం రాయాలి మరి. మనవాడు నాలుగో తరగతే, టైముంది.

మీరు ఉండేది రెండు మూడేళ్లే అయితే నా ఓటు అక్కడి సీబీఎస్ఈ స్కూల్‌కే. టోక్యోలో నిషికసాయి అనే పేట వైపు మనవాళ్లు ఎక్కువ, నీకూ తోడుంటుంది.

ఈలోగా రాత్రి అన్నం పెడుతూ వాడిచేత కథ చెప్పించు. తెలుగులోనే. మధ్యలో ఆపి "ఎందుకలా చేశాడ్రా?" అని అడుగు. జవాబు వచ్చేదాకా నోరు మెదపకు, నీకు కష్టమే.

రెండేళ్ల రిపోర్టు కార్డులు, క్లాస్ టీచర్ ఉత్తరం ఇక్కడే తీసుకో. ఇంటర్వ్యూ రోజు వాళ్లు చెప్పకముందే బయట కూర్చో. గంట పట్టినా పట్టొచ్చు, ఏదన్నా పుస్తకం పట్టుకెళ్లు.

మీ పిన్ని