ఏళ్ల తరబడి మూలనపడిన యెజ్డీని మట్టిదారుల బండిగా ఇంట్లోనే బాగుచేయవచ్చా?

మీ పెదనాన్నగారి షెడ్డులో చాలా ఏళ్లుగా ఆగిపోయి ఉన్న యెజ్డీ రోడ్‌కింగ్‌ను ఇంట్లోనే విప్పి, మట్టిదారుల్లో తిరిగేలా తయారు చేసుకోవచ్చా, ముందు రంగు వేయించమని స్నేహితులు చెబుతున్న మాట సరైనదేనా అని అడిగారు. బాగుచేసుకోవచ్చు. రంగు మాత్రం అన్నిటికంటే చివరి పని. నేను అనంతపురంలో మా ఇంటి వెనుక రేకుల షెడ్డులో ఇదే బండిని పూర్తిగా విప్పి మళ్లీ కట్టుకున్నాను. కళ్యాణదుర్గం వైపు ఒక రైతు దగ్గర కొన్న ఆ బండి ఇప్పుడు పొలం గట్ల మీద హాయిగా తిరుగుతోంది కనుక, చేసి చూసిన పనినే చెబుతున్నాను.

మీరు ఎంచుకున్న బండి మంచిది. మైసూరులో ఐడియల్ జావా సంస్థ 1978 నుంచి 1996 వరకు తయారుచేసిన రోడ్‌కింగ్‌ది 248.5 సీసీల రెండు స్ట్రోకుల ఇంజను. దాని మూలాలు చెకోస్లొవాకియా జావా, సీజెడ్ బండ్లలో ఉన్నాయి. 1964లో బెల్జియం రైడరు జోయెల్ రాబర్ట్ 250 సీసీ మోటోక్రాస్ ప్రపంచ విజేత (మట్టి ట్రాకుల మీద జరిగే పోటీలో) అయింది సీజెడ్ మీదనే. అసలైన డర్ట్ బైకులు మన దేశంలో దొరకని ఆ రోజుల్లో మట్టి పోటీలకు యెజ్డీలను కూడా మార్చి వాడుకునేవారు.

డబ్బు ఖర్చు పెట్టే ముందు ఆర్‌సీ తీసి, ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు బండి మీద ఉన్నవాటితో సరిపోతున్నాయో లేదో చూడండి. పదిహేనేళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి, ఆ తరువాత ఐదేళ్లకొకసారి మళ్లీ చేయించాలి. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనలు యాభై ఏళ్లు నిండిన బండ్లకే వర్తిస్తాయి కనుక రోడ్‌కింగ్‌కు వాటితో ఇప్పుడే పని లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చిన బండిని రోడ్డు మీద నడపకూడదు. సైలెన్సర్లు పైకెత్తి, లైట్లు తీసేసి పూర్తి డర్ట్ బైకుగా మార్చాలనుకుంటే దాన్ని సొంత పొలానికో ప్రైవేటు ట్రాకుకో పరిమితం చేయండి. విప్పిన అసలు భాగాలను ఒక్కటి కూడా పాతసామాన్లవారికి అమ్మకండి.

ఇక అసలు విషయానికి వస్తాను. రెండు స్ట్రోకుల ఇంజనులో పిస్టన్ తిప్పే ఇరుసు (క్రాంకు) ఉండే గది అయిన క్రాంక్‌కేసు ఆయిల్ నింపుకునే పెట్టె కాదు, అదే ఒక పంపు. పిస్టన్ పైకి లేచినప్పుడు కార్బొరేటరు నుంచి పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమాన్ని లోపలికి లాగేదీ, కిందికి దిగినప్పుడు దాన్ని సిలిండరులోకి నెట్టేదీ అదే. క్రాంకు రెండు చివరలా గాలి, ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు వలయాలైన ఆయిల్ సీళ్లలో ఏ ఒక్కటి గట్టిపడి పగిలినా ఆ పంపు చెడిపోతుంది. ఏడాదికి సగటున 550 మి.మీ. చుట్టూ మాత్రమే వాన పడే మన అనంతపురం ఎండలో ఇనుముకు తుప్పు తక్కువ పడుతుంది గాని, రబ్బరు మాత్రం ఎండిపోయి బిరుసెక్కుతుంది. అందుచేత పైకి నిగనిగలాడే బండిలో కూడా సీళ్లు చచ్చిపోయి ఉండవచ్చు.

ఏ సీలు పోయిందో లక్షణాలే చెబుతాయి. క్లచ్ వైపు సీలు పోతే ఇంజను గేరుబాక్సు ఆయిల్‌ను పీల్చుకుని తెల్లని పొగ వదులుతుంది, ప్లగ్గు తడిసి నల్లబడుతుంది, గేర్ ఆయిల్ కారణం లేకుండా తగ్గిపోతుంది. మరో వైపు, అంటే కరెంటు పుట్టించే మ్యాగ్నెటో ఉన్న వైపు సీలు పోతే బయటి గాలి లోపలికి చేరి మిశ్రమం పలచబడుతుంది. యాక్సిలరేటరు వదిలినా ఇంజను తనంతట తానే వేగం అందుకుంటుంది, చివరకు పిస్టన్ వేడెక్కి సిలిండరుకు పట్టేస్తుంది. కార్బొరేటరు జెట్లు ఎన్నిసార్లు మార్చినా ఈ జబ్బు నయం కాదు.

దీన్ని పరీక్షించడానికి ఖరీదైన పరికరం అక్కరలేదు. పాతూరులో రెండు స్ట్రోకుల బండ్లు చూసే ఒక మెకానిక్ నాకు ఈ పద్ధతి చూపించాడు. కార్బొరేటరు బిగించే చోటునూ, రెండు సైలెన్సరు దారులనూ పాత ట్యూబు ముక్కలు, రేకు బిళ్లలతో గట్టిగా మూసి, పిస్టన్‌ను కిందికి దించి, ప్లగ్గు రంధ్రంలో ఒక గొట్టం బిగించి, దానికి బీపీ చూసే పరికరం పంపునూ డయల్‌నూ తగిలించాలి. ముల్లు 300 దాకా వెళ్లేటట్టు ఊదితే అది ఆరు పీఎస్‌ఐకి కొద్దిగా తక్కువ. ఈ పనికి అంతే కావాలి, అంతకు మించి ఊదకూడదు. ముల్లు కొన్ని నిమిషాలు దాదాపు అక్కడే నిలబడితే ఇంజను గట్టిగా ఉన్నట్టు. పడిపోతూ ఉంటే మ్యాగ్నెటో మూత తీసి సీలు దగ్గర, సిలిండరు కింది ప్యాకింగు దగ్గర, క్రాంక్‌కేసు అతుకు మీద సబ్బు నీళ్లు రాయండి. మా బండికి మ్యాగ్నెటో వెనుక సీలు అంచున సన్నని బుడగలు వరుసగా లేచాయి. రంగు ఎప్పుడు వేయిద్దామని నేను అడిగితే ఆ మెకానిక్, "ముందు దీనికి ఊపిరి నిలబడ్తాదేమో చూడన్నా, రంగు యాడికి పోతాది" అన్నాడు. బాగుచేసే పని మొత్తంలో నేను విన్న అతి విలువైన మాట అదే.

సీళ్లు మార్చాలంటే క్రాంకు దాకా విప్పాలి కనుక బేరింగులు కూడా అప్పుడే మార్చేయండి. పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్డును పట్టుకుని పైకి, కిందికి లాగి చూడండి. ఆ దిశలో కొంచెం కూడా ఆట (వదులు) ఉండకూడదు, పక్కలకు స్వల్పంగా కదిలితే తప్పులేదు. ఆట ఉంటే కొత్త రాడ్డు కిట్టు వేసి, క్రాంకును ప్రెస్సు మీద విప్పి కట్టి సూటిగా నిలపగల లేత్ షాపుకే ఇవ్వాలి, ఇంట్లో సుత్తితో చేసే పని కాదది. సిలిండరులో గీతలు పడి ఉంటే బోరు చేయించి, అంటే లోపలి గోడను కొద్దిగా చెక్కించి, పై సైజు పిస్టన్ వేయించాలి. పిస్టన్ చేతికి వచ్చిన తరువాతే, దాన్ని కొలిచి బోరు చేయమని అడగండి. విడిభాగాల కోసం నేను బెంగళూరు జేసీ రోడ్డుకు వెళ్లాను. ఇంట్లో ఉన్న పాత భాగాన్ని చేతిలో పట్టుకుని వెళ్లడం మేలు, ఎందుకంటే ఒకే పేరుతో అమ్మే నకిలీ సీళ్ల కొలతల్లో తేడాలుంటాయి.

ట్యాంకు తుప్పుకు కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు చాలు. వేడి నీళ్లలో కలిపి పోసి, పిడికెడు నట్లు వేసి ఊపి, ఒక రాత్రి ఉంచి, వంట సోడా నీళ్లతో కడిగి, వెంటనే ఎండలో ఆరబెట్టి లోపల ఆయిల్ పట్టించండి. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది తేమను పీలుస్తుంది, పాతకాలపు రబ్బరును మెత్తబరుస్తుంది. కనుక పెట్రోలు పైపు, ట్యాంకు కింద పెట్రోలును తెరిచి మూసే కాకు వాషర్లు, కార్బొరేటరు రబ్బర్లు కొత్తవి వేసి, బండిని వారాల తరబడి ఆపేటప్పుడు కార్బొరేటరు ఖాళీ చేయండి. ప్లగ్గుకు నిప్పురవ్వ అందేలా తెరుచుకుంటూ మూసుకునే ప్లాటినం పాయింట్లున్న మోడలైతే వాటి సందు 0.4 మి.మీ. ఉంచండి.

మన ఎర్రమట్టి ధూళి సంగతి విడిగా చెప్పాలి. పిండి వంటి ఆ ధూళి ఫిల్టరు పక్క సందుల్లోంచి దూరిందంటే కొత్త బోరు కొద్ది కాలంలోనే అరిగిపోతుంది. మట్టిలో నడిపే బండికి ఆయిల్ పట్టించిన ఫోమ్ ఫిల్టరు వాడి, రబ్బరు గొట్టం అంచులకు గ్రీజు రాయండి; మట్టిలో తిరిగి వచ్చిన ప్రతిసారీ దాన్ని విప్పి చూడాలి.

బ్రేకు లైనింగులు, ఫోర్కు సీళ్లు, స్పోకులు, టైర్లు కొత్తవి వేయడంలో చిక్కేమీ లేదు. పాత బ్రేకు ధూళిలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు కనుక గాలితో ఊదకుండా తడిగుడ్డతో తుడవండి. హ్యాండిలు మెడ దగ్గరా, ఫుట్‌రెస్టుల దగ్గరా ఛాసిస్‌లో చీలికలున్నాయేమో పాత రంగు గీకి చూసి, వెల్డింగు అవసరమైతే చేయించి, ఇంజను బాగా నడుస్తోందని తేలాక, మళ్లీ విప్పి అప్పుడు రంగుకు ఇవ్వండి.

మొదటిసారి స్టార్టు చేసేటప్పుడు లీటరు పెట్రోలుకు రెండు స్ట్రోకుల ఇంజన్లకు వాడే 2టీ ఆయిల్ 40 మి.లీ. కలపండి. కొద్ది నిమిషాలు నడిపి, పూర్తిగా చల్లారనిచ్చి, సిలిండరు హెడ్డు నట్లు మళ్లీ బిగించండి. మొదటి 500 కిలోమీటర్లు వేగం మారుస్తూ, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజనును పీకించకుండా నడిపి, మధ్యమధ్యలో ప్లగ్గు తీసి రంగు చూడండి. ఇటుక రంగులో, లేత గోధుమ రంగులో ఉంటే మంచిదే. తెల్లబడిందంటే మాత్రం బండి ఆపి, ఆ బీపీ పంపును మళ్లీ బయటికి తీయండి.