పొద్దు కూకాక కూడా కెమెరా ఆపకండి

రాజమండ్రిలో ముప్పై ఏళ్లు పెళ్లిళ్లకి ఫొటోలు తీశాను. స్టూడియో ఇప్పుడు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. నేను సాయంత్రమయ్యేసరికి ట్రైపాడ్ భుజాన వేసుకుని గోదావరి గట్టుకి పోతాను. కొన్ని సెకన్లకొకటి చొప్పున వందల ఫొటోలు తీసి, వాటిని వరసగా పరిగెత్తించి వీడియో చేసే టైమ్‌ల్యాప్స్ గురించి పోయిన నెల ఇక్కడ నాలుగు మాటలు రాశాను. వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం సూర్యోదయం, సూర్యాస్తమయం గురించే ఉన్నాయి. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం వాటికే.

ప్రశ్న: మాస్టారూ, పుష్కర ఘాట్ దగ్గర సూర్యాస్తమయాన్ని సెకనుకో ఫొటో చొప్పున పావుగంట తీశాను. సూర్యుడు మునగ్గానే ఆపేశాను. ఇంటికొచ్చి చూస్తే వీడియో అంతా వెలుగు మిణుకుమిణుకుమంటోంది. కంటికి ఎర్రగా కనబడిన ఆకాశం పాలిపోయి ఉంది. తప్పెక్కడ జరిగింది? – డిగ్రీ విద్యార్థి, రాజమండ్రి

రంగు సంగతి ముందు చెప్తాను బాబూ, తొందరగా తేలిపోయేది అదే. నీ కెమెరాలో వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉండి ఉంటుంది. ఏ వెలుగులోనైనా తెల్ల చొక్కాని తెల్లగా చూపించాలన్నదే ఆటో పట్టుదల. సంజ ఎరుపు దాని లెక్కలో సరిదిద్దాల్సిన దోషం, అందుకే కడిగేస్తుంది. డేలైట్ గుర్తు మీద, అంటే వెలుగు రంగుని కొలిచే లెక్కలో 5,500 కెల్విన్ దగ్గర పెట్టేసి ఇక దాని జోలికి వెళ్లకు.

మిణుకు ఎక్కడినుంచి వస్తుందో నీ కళ్లతో నువ్వే చూడొచ్చు. ఇంట్లో లెన్స్‌కి ఎదురుగా మొహం పెట్టి ఎపర్చర్‌ని, అంటే లెన్స్ లోపల వెలుగు దూరే కంతని, ఎఫ్/11కి చిన్నది చేసి ఒక ఫొటో కొట్టు. లోపల సన్నటి నల్ల రేకులు పువ్వు ముడుచుకున్నట్టు ఒక్క క్షణం ముడుచుకుని మళ్లీ తెరుచుకుంటాయి. ఆ రేకులు ప్రతిసారీ సరిగ్గా ఒకేచోట ఆగవు. వెంట్రుకవాసి తేడా వస్తుంది. విడి ఫొటోలో అది తెలియదు. సెకనుకి 25 ఫొటోలు పరిగెత్తేసరికి ఆ తేడానే మిణుకవుతుంది. ఎపర్చర్ పూర్తిగా తెరిచి తీస్తే రేకులు కదలవు, గొడవ లేదు. చేత్తో రింగు తిప్పే పాత లెన్స్ దొరికితే ఇంకా మంచిది. నా దగ్గర అలాంటి 28 ఎంఎం లెన్స్ ఒకటుంది. ఎఫ్/8 మీద పెడితే ఎన్ని గంటలైనా రేకులు అక్కడే ఉంటాయి. అలాగే మోడ్ మాన్యువల్‌లో, ఫోకస్ మాన్యువల్‌లో ఉండాలి. ఎక్స్‌పోజర్‌ని, అంటే ఫొటోలోకి ఎంత వెలుగు రావాలన్నదాన్ని, కెమెరాకి వదిలేస్తే ప్రతి మబ్బుకీ అది మనసు మార్చుకుంటుంది.

ఇప్పుడు అసలు విషయం. సూర్యుడు మునగ్గానే ఆపేశానన్నావు చూడు, నాకు బాధ కలిగింది అక్కడే. ఆకాశంలో ఎత్తున ఉన్న మబ్బులకి కింద నుంచి వెలుగు తగిలేది ఆ తర్వాతే. పది పదిహేను నిమిషాలకి ఒక్కోసారి పడమర మొత్తం అంటుకున్నట్టు అవుతుంది. అప్పటికి గట్టు మీద జనం లేచి ఇళ్లకి పోతుంటారు.

అందుకని అస్తమయానికి ముప్పావుగంట ముందు మొదలుపెట్టి, తర్వాత ఇంకో ముప్పావుగంట ఉంచు. ఐదు సెకన్లకో ఫొటో చాలు. గంటన్నరకి 1,080 ఫొటోలు, అంటే 43 సెకన్ల వీడియో. కెమెరా కుదించకుండా దాచే రా ఫైలు ఒక్కోటి 25 ఎంబీ అనుకున్నా 27 జీబీ అవుతుంది, కార్డు ఖాళీ చేసుకుని వెళ్లు. సూర్యుడు కనబడుతున్నప్పుడు నా షట్టర్ తెరుచుకునేది సెకనులో 500వ వంతు, ఐఎస్ఓ (వెలుగుని పట్టే చురుకుదనం) 100. చీకటి పడేసరికి షట్టర్ 2 సెకన్లకి, ఐఎస్ఓ 800కి చేరతాయి. అంటే ఆ గంటన్నరలో వెలుగు దాదాపు ఎనిమిది వేల వంతులు తగ్గినట్టు. ఆ దారంతా డయల్‌ని ఒక్కో క్లిక్కు చొప్పున తిప్పుతూ చేత్తో దిగాలి. హిస్టోగ్రామ్ (వెలుగునీడల లెక్కని తెర మీద చూపించే గ్రాఫ్) చీకటి వైపు, అంటే ఎడమకి జరిగినప్పుడల్లా ఒక క్లిక్కు, అది కూడా రెండు ఫొటోల మధ్య ఖాళీలో, కెమెరా కదలకుండా. ఈ మెట్లని తర్వాత నున్నగా చేయడానికి ఎల్‌ఆర్‌టైమ్‌ల్యాప్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. మిగిలిన మిణుకుని కూడా అదే తీసేస్తుంది.

షట్టర్ 2 సెకన్లకి చేరాక ఆర్చ్ బ్రిడ్జి మీదుగా ఒక రైలు పోనివ్వు. దాటడానికి మూడు నిమిషాలు పట్టిందనుకుంటే 36 ఫొటోల్లో పడుతుంది. తెర మీద సెకనున్నర. కిటికీల దీపాలన్నీ కలిసిపోయి ఒక వెలుగు గీత ఆ కమానుల కింద నుంచి కొవ్వూరు వైపు జారిపోతుంది. 1997లో ఆ వంతెన వచ్చినప్పటినుంచీ చూస్తున్నాను, ఇప్పటికీ ఆ సెకనున్నర కోసం నేను రెండు గంటలు కూర్చుంటాను.

ప్రశ్న: నాకు కెమెరా లేదండీ, ఫోనే ఉంది. మా డాబా మీద నుంచి తెల్లవారడం తీద్దామని నా కోరిక. కుదురుతుందా? – గృహిణి, కాకినాడ

నిక్షేపంగా కుదురుతుందమ్మా. స్టాండు కొననక్కర్లేదు. కిలో బియ్యం ఒక గుడ్డసంచిలో పోసి పిట్టగోడ మీద పెట్టి, ఫోన్‌ని అందులోకి అదిమి నిలబెట్టండి. చిన్న గాలికి కదలదు. ఫోన్ కాల్ వస్తే రికార్డింగ్ ఆగిపోవచ్చు, ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. జూమ్ వద్దు. స్పీడు ఎంచుకునే వీలుంటే 60 రెట్లు పెట్టండి, 40 నిమిషాలు 40 సెకన్లవుతుంది.

ఒక్క చిక్కుంది. తెర మీద వేలు నొక్కిపట్టి వెలుగుని లాక్ చేయమని అందరూ చెప్తారు. చీకట్లో లాక్ చేస్తే సూర్యుడు వచ్చేసరికి అంతా తెల్లబడిపోతుంది. అందుకని రెండు ముక్కలుగా తీయండి. తెలతెలవారుతున్నప్పటినుంచి సూర్యుడి అంచు కనబడేదాకా లాక్ లేకుండా ఒకటి. అంచు కనబడగానే ఆకాశం మీద వేలు నొక్కి లాక్ చేసి రెండోది. తర్వాత కలుపుకోవచ్చు. గోడ క్యాలెండర్‌లో వేసిన సూర్యోదయ సమయం ఏదో ఒక ఊరికి లెక్కగట్టింది. విశాఖకీ హైదరాబాద్‌కీ మధ్యే దాదాపు 20 నిమిషాల తేడా ఉంటుంది, మీ ఊరి సమయం ఫోన్‌లోనే చూసుకోండి.

ప్రశ్న: మా బాబు పదో తరగతి. పెద్ద జూమ్ లెన్స్‌తో అస్తమించే సూర్యుణ్ణి తీస్తానంటున్నాడు. ప్రమాదమా? – ఒక తండ్రి, గుంటూరు

డీఎస్‌ఎల్‌ఆర్, అంటే వెనక ఉన్న కంతలోంచి నేరుగా లెన్స్ గుండానే చూసే కెమెరా అయితే ఆ కంతకి (వ్యూఫైండర్‌కి) కన్ను ఆనించనివ్వకండి. భూతద్దంతో కాగితం కాల్చడం మీరూ చేసే ఉంటారు. ఆ కాగితం స్థానంలో కన్ను ఉంటుంది. వెనక తెర మీద చూస్తూనే ఫ్రేము సర్దుకోవాలి. సూర్యుడు బాగా దిగి, ఎర్రగా మసకబారేదాకా లెన్స్‌కి మూత ఉంచమనండి. అంతకుముందే తీయాలంటే లెన్స్‌కి ముందు సోలార్ ఫిల్టర్ తప్పనిసరి. ఇందులో మొహమాటపడకండి.

ప్రశ్న: సముద్రంలోకి సూర్యుడు దిగడం తీద్దామని ఎన్నిసార్లు ఆర్కే బీచ్‌కి వెళ్లినా కుదరడం లేదు. మన తీరంలో ఆ యోగం లేదా? – బ్యాంకు ఉద్యోగి, విశాఖపట్నం

మన సముద్రం తూర్పుకీ ఆగ్నేయానికీ ఉందండి. సూర్యుడు మన వీపు వెనక, కొండల మీదుగా దిగుతాడు. అయినా సాయంత్రం బీచ్‌కి వెళ్లడం మానకండి, సముద్రం వైపే కెమెరా తిప్పండి. ఈ మాట నలుగురికి చెప్తే ముగ్గురు నమ్మలేదు, నమ్మినవాళ్లు మాత్రం మళ్లీ మళ్లీ వెళ్తున్నారు.

సూర్యుడు అస్తమించిన వెంటనే తూర్పు దిగంతాన, నీటికి ఆనుకుని, బూడిద కలిసిన నీలం పట్టీ ఒకటి లేస్తుంది. అది మబ్బు కాదు. భూమి తన నీడని గాలి మీద పరుచుకోవడం. దాని మీద గులాబీ రంగు అంచు ఉంటుంది. పావుగంటలో నీడ పైకి పాకుతుంది, గులాబీ పలచబడి పోతుంది. ఆకాశం శుభ్రంగా ఉన్న చలికాలం సాయంత్రాల్లో బాగా కనబడుతుంది. కంటికి నెమ్మదిగా జరిగే ఈ పని టైమ్‌ల్యాప్స్‌లో తెర లేచినట్టు ఉంటుంది. మూడు సెకన్లకో ఫొటో తీయండి.

పున్నమి నాడైతే ఆ నీడలోంచే చంద్రుడు వస్తాడు. చతుర్దశి రోజు ఇంకా నయం. చంద్రోదయం రోజురోజుకీ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి, పున్నమికి ముందురోజు వెలుగు ఉండగానే వచ్చేస్తాడు. అటు అలలూ కనబడతాయి, ఇటు చంద్రుడూ తెల్లటి బిళ్లలా మాడిపోడు.

ఒక జాగ్రత్త. అల వచ్చి వెళ్లినప్పుడు అరికాళ్ల కింద ఇసుక జారుతుంది కదా, ట్రైపాడ్‌కీ అదే జరుగుతుంది. మూడు కొబ్బరి చిప్పలు ఇసుకలో గట్టిగా అదిమి, ఒక్కో కాలూ ఒక్కో చిప్పలో పెట్టండి. ఇంటికి రాగానే ట్రైపాడ్ కాళ్లని మంచినీళ్లతో కడగండి, ఉప్పు లోహాన్ని ఊరికే వదలదు.

ప్రశ్న: సియాటిల్‌లో ఉంటున్నాను. గోల్డెన్ గార్డెన్స్ బీచ్‌లో సూర్యుణ్ణి ఫ్రేము మధ్యలో పెట్టి గంట తీస్తే కుడివైపు నుంచి బయటికి పోయాడు. మన ఊళ్లో తీసినప్పుడు ఇలా జరగలేదు. ఎందుకని? – సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

మీరు 47 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటి ఉన్నారు, మేం 17 దగ్గర. మా దగ్గర మార్చి, సెప్టెంబరుల్లో అస్తమయానికి ముందు గంటలో సూర్యుడు 14 డిగ్రీలు కిందికి దిగి, 4 డిగ్రీలే కుడికి జరుగుతాడు. దాదాపు తిన్నగా మునుగుతాడన్నమాట. మీ దగ్గర అదే గంటలో 10 డిగ్రీలు దిగితే 11 డిగ్రీలు పక్కకి పోతాడు. కాబట్టి మొదట్లో సూర్యుణ్ణి ఫ్రేము పైన ఎడమ మూలకి పెట్టండి, కుడివైపు ఖాళీ వదలండి. సూర్యోదయానికీ అంతే, కింద ఎడమ నుంచి పైన కుడికి పోతాడు. ఎదురుగా ఒలింపిక్ పర్వతాలు ఉన్నాయి కాబట్టి యాప్ చెప్పిన సమయం కంటే ముందే కొండ చాటుకి వెళ్తాడు, అది కూడా లెక్కలో ఉంచుకోండి.

ఇందులో మీకొక అదృష్టం ఉంది. ఆ నెలల్లో మా మునిమాపు 22 నిమిషాల్లో అయిపోతుంది, మీకు అరగంట దొరుకుతుంది. వేసవిలో ఇంకా ఎక్కువ. మన ఊళ్లో తీసేటప్పుడు పడే హడావిడి అక్కడ అక్కర్లేదు.

ప్రశ్న: డిసెంబరులో పాడేరు దగ్గరున్న వంజంగి కొండెక్కి మబ్బుల సముద్రం మీద సూర్యోదయం తీశాం. సగం నుంచి వీడియో మసగ్గా వచ్చింది. లెన్స్ పాడైందా? – ఉపాధ్యాయురాలు, అనకాపల్లి

లెన్స్‌కి ఏమీ కాలేదు తల్లీ, మంచు పట్టింది. తెల్లవారుజామున ఆకాశం నిర్మలంగా ఉంటే లెన్స్ ముందు గాజు తన వేడిని ఆకాశంలోకి వదిలేసి చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడుతుంది. పాడేరు చలిలో గాలినిండా తేమే. ఆ తేమ గాజు మీద పేరుకుంటుంది. మధ్యలో గుడ్డతో తుడిస్తే ఫ్రేము కదులుతుంది, రెండు నిమిషాల్లో మళ్లీ పడుతుంది. లెన్స్ చుట్టూ కట్టే హీటర్ పట్టీలు దొరుకుతున్నాయి, పవర్ బ్యాంకుతో పనిచేస్తాయి. గోరువెచ్చగా చాలు, గాలి కంటే ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువుంటే తేమ నిలవదు. పట్టీ లేకపోతే ట్రెక్కింగ్ వాళ్లు జేబులో పెట్టుకునే వెచ్చటి ప్యాకెట్లు రెండు రబ్బరు బ్యాండుతో లెన్స్‌కి చుట్టండి.

బ్యాటరీ చలికి తొందరగా దిగిపోతుంది. రెండోదాన్ని బ్యాగులో కాకుండా స్వెటర్ లోపలి జేబులో ఉంచండి.

ఇంకొకటి చెప్పాలి, ఇది నా అనుభవం. మొదటిసారి వంజంగి వెళ్లినప్పుడు సూర్యుడు పైకి వచ్చేశాడు కదా అని ఆరూ ముప్పావుకి అన్నీ సర్దేశాను. అక్కడ కనిపించేది రాత్రంతా చల్లబడి లోయలోకి దిగిన గాలిలో పుట్టిన పొగమంచు. ఎండ తగలనంతసేపూ పరుపులా కదలకుండా ఉంటుంది. నేను దిగుతూ సగం దారిలో ఉండగా ఎండ లోయలోకి దిగింది. వెనక్కి తిరిగి చూస్తే ఆ పరుపు అంచులు విడిపోయి, దూదిపింజల్లా లేచి, కొండ నడుము చుట్టూ తిరిగి, చెట్ల మీదుగా పైకి పాకుతోంది. ట్రైపాడ్ బ్యాగులో ఉంది. విప్పి నిలబెట్టేసరికి ఏడున్నర, లోయలో ఊళ్లు కనబడుతున్నాయి.

తర్వాత ఏడాది మళ్లీ వెళ్లాను. అందరూ టీ తాగి దిగిపోయాక కూడా ఎనిమిదిన్నర దాకా కెమెరా అలాగే ఉంచాను. రెండు సెకన్లకో ఫొటో పెట్టాను, కదిలే మంచుకి ఐదు సెకన్ల ఎడం మరీ ఎక్కువ. ఈసారి మీరు వెళ్లేటప్పుడు ఫ్లాస్కులో టీ, రెండు ఉప్మా పొట్లాలు పట్టుకెళ్లండి. తీసింది నాకు పంపించండి.