3 డిగ్రీల తేడాకు 32 ఎందుకు కలపకూడదు?

ప్రశ్న: మే నెలలో మా ఊరి పగటి ఉష్ణోగ్రత 42 డిగ్రీలకు చేరిందనీ, అది మామూలుగా ఉండవలసినదానికంటే 3 డిగ్రీలు ఎక్కువనీ చదివాము. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అబ్బాయి 1.8తో గుణించి 32 కలపాలన్న పాఠంలోని సూత్రంతో ఆ 3 డిగ్రీలను ఫారన్‌హీటులోకి మార్చి 37.4 అని తేల్చాడు. ఎండ ఒక్కసారిగా అంత పెరగదని తెలుసు గానీ, లెక్కలో తప్పెక్కడుందో అంతుపట్టలేదు. దయచేసి వివరించగలరు.
— ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: మీ అబ్బాయి గుణకారంలో గాని, కూడికలో గాని పొరబడలేదు. 3 డిగ్రీల సెల్సియస్ అనే ఉష్ణోగ్రత, అంటే నీరు గడ్డకట్టడానికి కాస్త ముందున్న చలి, నిజంగానే 37.4 డిగ్రీల ఫారన్‌హీటుకు సమానం. అయితే మీరు చదివిన 3 రెండు ఉష్ణోగ్రతల మధ్య ఉన్న తేడా. దానికి ఆ సూత్రం యథాతథంగా వర్తించదు.

అలిపిరి నుంచి తిరుమలకు నడిచి వెళ్లే ఇద్దరిని ఊహించుకోండి. ఒకరు తొలి మెట్టు దగ్గర సున్నాతో లెక్క మొదలుపెట్టారు. రెండోవారు ఇంకా కిందనే మొదలుపెట్టడం వల్ల అక్కడికి చేరేసరికే 32 లెక్కించారు. పైగా మొదటివారు 1గా లెక్కించే ఎత్తును వారు 1.8గా లెక్కిస్తారు. గాలిగోపురం దగ్గర నిలబెట్టి ఎంత ఎత్తుకు వచ్చారని అడిగితే రెండోవారి జవాబులో ఆ 32 తప్పనిసరిగా ఉంటుంది. గాలిగోపురం నుంచి ఏడో మైలు దాకా ఎంత ఎక్కారని అడిగితే మాత్రం, ఎక్కడ మొదలుపెట్టారన్న ప్రసక్తే ఉండదు కనుక 1.8తో గుణిస్తే సరిపోతుంది.

ఆ 32, ఆ 1.8 ఎక్కడివో బడిలో చెప్పకుండా సూత్రాన్ని మాత్రమే వల్లె వేయించడం వల్లనే పిల్లలకు ఈ చిక్కు వస్తుందని నా అభిప్రాయం. ఫారన్‌హీట్ 1724లో ప్రకటించిన కొలమానంలో సున్నా మంచు, నీరు, ఒక లవణం కలిపిన మిశ్రమపు చల్లదనానికి చెందినది. అందువల్ల మంచు కరిగే స్థానం సున్నాకు పైన, 32 దగ్గర పడింది. నేటి లెక్కలో నీరు మరిగేది 212 దగ్గర. ఈ రెండింటి మధ్య 180 భాగాలున్నాయి. సెల్సియస్ కొలమానంలో అదే దూరానికి 100 భాగాలే. 180ని 100తో భాగిస్తే వచ్చేదే 1.8. (సెల్సియస్ 1742లో మరిగే స్థానాన్నే 0గా, గడ్డకట్టే స్థానాన్ని 100గా పెట్టాడు, తరువాతివారు దానిని తలకిందులు చేశారు.)

ఇప్పుడు మీ లెక్కను సరిచూద్దాం. 42 డిగ్రీల సెల్సియస్ అంటే 107.6 ఫారన్‌హీటు, 39 అంటే 102.2. తేడా 5.4, అది 3ను 1.8తో గుణిస్తే వచ్చేదే. కెల్విన్ కొలమానంలో భాగం పరిమాణం సెల్సియస్‌దే, సున్నా మాత్రం 273.15 కిందికి జరిగింది; కాబట్టి అక్కడ తేడా 3గానే ఉంటుంది.

ఇంట్లో జ్వరం చూసేటప్పుడు కూడా ఇదే పద్ధతి. 104 ఫారన్‌హీటు ఉన్న జ్వరం 100.4కు దిగితే తగ్గినది 3.6, దానిని సెల్సియస్‌లో చెప్పడానికి 32 తీసివేయకుండా 1.8తో భాగించండి, 2 డిగ్రీలు వస్తుంది.