పొలం, యంత్రం: గడ్డిని ఎవరు ఎత్తారు?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలా వాటికి మూలం తెనాలి నుంచి ఒక పాఠకురాలు రాసిన ప్రశ్న. అందుకే దాన్ని ముందు పెట్టి, తక్కినవి దాని వెనక కలిపాను.

ప్రశ్న: మాస్టారూ, మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా అబ్బాయి అయోవాలో ఉంటాడు. పోయిన ఏడు వాళ్లింటికి వెళ్లినప్పుడు మౌంట్ ప్లెజెంట్ అనే ఊళ్లో పాత యంత్రాల తిరునాళ్లకు తీసుకెళ్లాడు. ఆవిరి ఇంజను పెట్టి గోధుమలు నూరుస్తున్నారు. నూర్చే మిషను వెనకనుంచి పెద్ద రేకు గొట్టం పైకి లేచి, అటూ ఇటూ తిరుగుతూ గడ్డిని కుప్పగా చిమ్ముతోంది. వామి వేసే మనిషే లేడు! అది ఎలా పనిచేస్తుంది? అది రాకముందు ఏం చేసేవాళ్లు? ఆ కుప్ప మన వామిలాగా వానకు ఆగుతుందా?

జవాబు: అమ్మా, మీరు చూసింది గాలితో గడ్డి విసిరే యంత్రం. అమెరికా వాళ్లు విండ్ స్టాకర్ అంటారు. దాని సంగతి చెప్పేముందు, అది రాక తప్పని పరిస్థితి ఎలా వచ్చిందో చెప్పాలి.

గింజను కంకి నుంచి విడదీయడం, తూర్పారబట్టడం ఈ రెండిటినీ ఒకే యంత్రంలో చేర్చి 1837లో పేటెంటు తీసుకున్నవాళ్లు అమెరికాలో మెయిన్ అనే రాష్ట్రంలోని విన్‌త్రాప్ ఊరి పిట్స్ అన్నదమ్ములు, హైరమ్, జాన్. అప్పట్లో గుర్రాలతో నడిచేది కాబట్టి నూర్పిడి నెమ్మదిగానే సాగేది. మిషను తోక దగ్గర రాలిన గడ్డిని పంగలకర్రలు పట్టుకున్న మనుషులు పక్కకు లాగేసేవారు. పొడవాటి దుంగకు రెండు వైపులా గుర్రాలు కట్టి, కుప్ప మొత్తాన్ని ఒక్క ఊపున ఈడ్చుకెళ్లేవారు. ఆవిరి ఇంజను వచ్చాక లెక్క మారిపోయింది. పెద్ద మిషను రోజుకు వెయ్యి బుషెళ్ల గోధుమ నూర్చిందనుకోండి. బుషెలు 27 కిలోలు, అంటే 27 టన్నుల గింజ. గడ్డి కూడా దాదాపు అంతే దిగుతుంది. ఆ గడ్డి ఎప్పటికప్పుడు తోక దగ్గర నుంచి కదలకపోతే మిషనుకు ఊపిరాడదు, ఆపేయాల్సిందే. గింజ వైపు పని ఎంత తొందరగా సాగితే గడ్డి వైపు మనిషికి అంత నరకం.

మొదట వచ్చిన ఉపాయం చెక్క తొట్టి. అందులో అడ్డపట్టీలు బిగించిన గొలుసు ఎడతెగకుండా తిరుగుతూ గడ్డిని పైకి మోసుకెళ్లి కుప్ప మీద పడేస్తుంది. తర్వాత ఆ తొట్టి అటూ ఇటూ తిరిగే ఏర్పాటూ వచ్చింది. అయినా పైనుంచి పడే గడ్డిని సర్దడానికి కుప్ప మీద ముగ్గురో నలుగురో ఉండాలి. నూర్పిడి ముఠాలో ఎవరూ కోరి తీసుకోని పని అది. దుమ్ము, పొట్టు, బార్లీ అయితే ముళ్లలాంటి మీసాలు చొక్కాలో దూరి ఒళ్లంతా కోస్తాయి.

ఆ మనుషుల అవసరం లేకుండా చేసింది మీరు చూసిన గొట్టం. మిషను వెనక భాగంలో పెద్ద రేకు పెట్టె, అందులో వేగంగా తిరిగే ఫంకా ఉంటుంది. జల్లెడల మీదుగా వచ్చిన గడ్డి ఆ పెట్టెలో పడగానే గాలి దాన్ని గొట్టంలోకి తోసేస్తుంది. గొట్టం ఒకదాంట్లో ఒకటి దూరే ముక్కలతో చేసింది, కావాలంటే పొడవు పెంచుకోవచ్చు. దాని మొదలు పళ్లచక్రం మీద కూర్చుంటుంది కనుక అర్ధచంద్రాకారంలో దానంతట అదే తిరుగుతుంది. గొట్టం కొసన మూతలాంటి రేకు ఒకటి గమనించారా? దానికి తాడు కట్టి ఉంటుంది. మిషను మీద నిలబడ్డవాడు ఆ తాడు లాగితే మూత వంగి గడ్డి దగ్గర్లో పడుతుంది, వదిలితే దూరంగా పడుతుంది. ఈసారి వెళ్తే ఆ తాడు పట్టుకున్న చేతిని చూడండి. కుప్ప ఆకారమంతా ఆ చేతిలోనే ఉంటుంది.

1890ల నుంచి ఇది అమెరికా అంతటా పాకింది. దీని పేటెంట్లు ఇండియానాపొలిస్‌లోని ఇండియానా మాన్యుఫాక్చరింగ్ కంపెనీ చేతిలో ఉండేవి. నూర్పిడి మిషన్లు తయారుచేసే వాళ్లంతా ఆ కంపెనీ దగ్గర లైసెన్సు తీసుకోవాల్సి వచ్చేది. రసీన్ పట్నంలోని జె.ఐ. కేస్ అంతటి పెద్ద కంపెనీకీ దానికీ ఈ ఒప్పందాల మీద వ్యాజ్యం నడిచి 1907లో అప్పీళ్ల కోర్టు దాకా వెళ్లింది. గడ్డి ఊదే గొట్టం కోసం అంత పోరాటం జరిగిందంటే దానికెంత గిరాకీ ఉండేదో ఊహించుకోండి.

ఇక వాన సంగతి. ఆగదమ్మా, మన వామి ఆగినట్టు ఆగదు. మా నాన్నగారు వామి వేయించేటప్పుడు కింద తాటిదుంగలు పరిచి, నడుమ భాగం ఎప్పుడూ అంచుల కన్నా ఎత్తుగా ఉండేట్టు తొక్కించేవారు. నడుమ గట్టిగా, ఎత్తుగా ఉంటే గడ్డిపోచలన్నీ బయటికి వాలి ఉంటాయి, పడ్డ నీరు అంచు వైపుకు జారిపోతుంది. నడుమ కుంగిందా, నీళ్లు లోపలికి దిగి సంక్రాంతికల్లా నల్లటి బూజు. గాలికి పడ్డ గడ్డికి ఆ వాలు ఉండదు. పైగా అమెరికా మిషన్లలో గింజను రాల్చే తిరుగుడు రోలుకు ఇనుప మేకులుంటాయి. అవి గడ్డిని విరిచేస్తాయి, ఫంకా ఇంకా నలుపుతుంది.

మరి వాళ్లు ఎందుకు ఒప్పుకున్నారు? వాళ్లకు గడ్డి అంతగా అక్కర్లేదు. మీ అబ్బాయి ఉండే అయోవాలో చలికాలం ఆవులు ఆ కుప్పల చుట్టూ చేరి, తింటూ తింటూ లోపలికి తొలుచుకుపోయేవి. గాలికి అడ్డుగా అక్కడే పడుకునేవి. ఇంకా పడమటికి పోతే కట్టెలూ బొగ్గూ దొరకని డకోటా మైదానాల్లో గడ్డినే ఇంజనులో వేసి కాల్చేవారు. మిగిలింది పొలంలోనే తగలబెట్టేవారు. అలాంటి చోట వామి అందంగా ఉండాలని ఎవరు పట్టుబడతారు? గింజ పోతే మాత్రం ఊరుకునేవారు కాదు. గాలితో పాటు కొన్ని గింజలు కుప్పలోకి ఎగిరిపోయేవి. వానలు పడ్డాక కుప్ప మీద పచ్చగా మొలక కనపడితే ఆ నూర్పిడి ముఠాకు ఊళ్లో పరువు దక్కేది కాదు. అందుకే తర్వాత తర్వాత ఫంకా పెట్టెలోనే ఆ గింజలు పట్టి వెనక్కి పంపే ఏర్పాటు చేశారు.

ప్రశ్న: సార్, నేను ఇంగ్లండులోని లింకన్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. ఇక్కడి ప్రదర్శనలో గులాబీరంగు వేసిన చెక్క మిషను, దాని వెనక చక్రాల మీద నిలబెట్టిన పొడవాటి నిచ్చెనలాంటిది చూశాను. గడ్డి దాని మీదుగా పైకి పాకుతోంది. ఇక్కడ గొట్టం ఎందుకు లేదు?

జవాబు: మీరు సరిగ్గా ఆ యంత్రాల పుట్టింట్లోనే ఉన్నారమ్మా. క్లేటన్ అండ్ షటిల్‌వర్త్ కంపెనీ 1842లో మొదలైంది లింకన్‌లోనే. ఆవిరి ఇంజన్లు, నూర్పిడి మిషన్లు అక్కడినుంచి ఎన్నో దేశాలకు వెళ్లాయి. పక్కనే గెయిన్స్‌బరోలో మార్షల్ వాళ్లు. మీ ఊరి ఫోస్టర్ కంపెనీ కూడా నూర్పిడి మిషన్లు చేసేదే. 1915లో మొదటి యుద్ధ ట్యాంకు నమూనాను తయారుచేసింది ఆ కార్ఖానాలోనే.

మీరు చూసింది ఎలివేటరు. నాకు ఈ యంత్రమంటే మహా ఇష్టం, దాచుకోను. సౌతాంప్టన్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు డోర్సెట్‌లో జరిగిన ఆవిరి యంత్రాల తిరునాళ్లలో దాని పక్కనే నిలబడి చూశాను. చెక్క తొట్టి, అందులో రెండు గొలుసులు, గొలుసుల మధ్య అడ్డంగా కర్రలు. ప్రతి కర్రకూ పైకి నిక్కిన ఇనుప ముళ్లు. నూర్పిడి మిషను తోక దగ్గర రాలిన గడ్డిని ఆ ముళ్లు గుచ్చుకుని, తొందరపడకుండా పైకి తీసుకెళ్లి అంచు దాటగానే వదిలేస్తాయి. మిషను చక్రం నుంచి ఒక పట్టా (బెల్టు) వేసి దీన్ని నడుపుతారు. వామి పెరిగేకొద్దీ చేతి మర తిప్పి తొట్టిని ఇంకాస్త పైకి లేపుతారు. పని అయిపోయాక నడుమకు మడిచి, ఇంజను వెనక మిషను, మిషను వెనక ఎలివేటరు వరసగా తగిలించుకుని పక్క ఊరికి పోతారు. ఎండుగడ్డి కోతల కాలంలో ఇంజను లేకుండానే, గుర్రాన్ని గానుగలో తిప్పినట్టు తిప్పి ఇదే యంత్రాన్ని నడిపేవారు. అంటే ఏడాదిలో రెండు పంటలకు పనికొచ్చేది.

గొట్టం ఎందుకు లేదంటే, ఇంగ్లండు రైతుకు గడ్డి సొమ్ము. పశువుల కింద పరుపు అదే, వామి మీద కప్పు అదే, చాలా చోట్ల ఇంటి కప్పూ అదే. పట్నం గుర్రపు శాలలకు అమ్ముకునేదీ అదే. కాబట్టి గడ్డి విరగకూడదు. వాళ్ల మిషను నోరు నాలుగున్నర అడుగుల వెడల్పు ఎందుకో గమనించండి. పనను అడ్డంగా వేసి, పోచ విరగకుండా నూర్చడానికే. అంత జాగ్రత్తగా నూర్చిన గడ్డిని ఫంకాలో వేసి నలిపితే అర్థమేముంది? కొందరు మిషను తోక దగ్గర పురికొసతో కట్టలు కట్టే యంత్రం కూడా పెట్టుకునేవారు. ఆ కట్టలే ఎలివేటరు ఎక్కేవి.

కానీ ఒకటి చూడండి. ఎలివేటరు గడ్డిని ఎత్తింది గానీ వామి వేయలేదు. పైన మనిషి ఉండనే ఉన్నాడు. డోర్సెట్‌లో నేను చూసిన ఆయన డెబ్బై దాటినవాడు. పైనుంచి పడ్డ గడ్డిని పంగలకర్రతో అందుకుని మూలకు విసిరి, మోకాలితో అదిమి, మళ్లీ నడుమకు జరిగేవాడు. ఎంతసేపు చూసినా నడుమ ఎత్తు తగ్గనివ్వలేదు. మా నాన్నగారు మా ఊళ్లో కూలీల మీద కేకలేసి చేయించిన పనే, ఆయన ఎవరూ చెప్పకుండా చేస్తున్నాడు. ఆ పని తెలిసిన చేతుల్ని కాపాడిన యంత్రం కాబట్టే గొట్టం కన్నా ఎలివేటరు మేలని నేనంటాను. అయితే అమెరికాలో కుప్ప మీద దుమ్ము తాగిన వాళ్లు నాతో ఒప్పుకోరు, వాళ్ల ఊపిరితిత్తుల్ని కాపాడింది గొట్టమే మరి.

ప్రశ్న: సార్, మాది కరీంనగర్ జిల్లా. ఇట్లాంటి యంత్రాలు మన దగ్గరికి ఎందుకు రాలే? ఇప్పుడు హార్వెస్టర్ కోసిన గడ్డిని బర్లు సరిగ్గ తింటలేవు.

జవాబు: మన కళ్లంలో గింజ వైపు వేగం రాలేదు కాబట్టి గడ్డి వైపు యంత్రం అవసరం పడలేదు. చేత్తో కొట్టినా, బంతి కట్టి ఎడ్లతో తొక్కించినా, తర్వాత ట్రాక్టరుతో తొక్కించినా, గడ్డిని పంగలకర్రతో దులిపి తీసేంత వ్యవధి ఉండేది. చిన్న చిన్న కళ్లాలు, చేతులకు కరువు లేదు. మనకు ఆ ఇబ్బంది వచ్చేసరికి కోతా నూర్పిడీ ఒకటై హార్వెస్టరే వచ్చేసింది.

బర్రెలు తినకపోవడానికి కారణం పైన చెప్పినదే. యంత్రం లోపల గడ్డి నలిగి, విరిగి, దుమ్ము పడుతుంది. తర్వాత పొలంలో చెమ్మ తగిలితే వాసన వస్తుంది. జపాన్‌లో వరికి చేసుకున్న హార్వెస్టరు వేరు. అందులో కంకి కొస మాత్రమే రోలులోకి పోతుంది, గడ్డి మొత్తం బయటే ఉండి పోచ పోచగా దిగుతుంది. గడ్డి విలువ తెలిసినవాళ్లు కట్టిన యంత్రం అది. మన దగ్గరున్న వాటితో చేయగలిగింది: కోత అయ్యాక గడ్డి వరసలు ఆరనిచ్చి, వాన పడకముందే బేలరుతో కట్టించండి. పచ్చి మీద కట్టిస్తే కట్ట లోపల వేడెక్కి బూజు పడుతుంది. కట్టల్ని నేల మీద కాకుండా దుంగల మీద పేర్చండి. పైన పట్టా కప్పితే పక్కలనుంచి గాలి ఆడనివ్వండి.

ప్రశ్న: నిప్పురవ్వలు ఎగిరే ఇంజను పక్కనే ఎండుగడ్డి కుప్ప! కాలిపోయేది కాదా? (అనంతపురం విద్యార్థి)

జవాబు: కాలిపోయేది, చాలాసార్లు. అందుకే ఇంజనును మిషనుకు అరవై డెబ్బై అడుగుల దూరంలో పెట్టి పొడవాటి పట్టాతో కలిపేవారు. గాలి కుప్ప వైపు నుంచి ఇంజను వైపు వీచేట్టు చూసుకునేవారు. పొగగొట్టానికి జల్లెడ బిగించేవారు. అన్నిటికన్నా వింత ప్రమాదం ఇంజనుతో సంబంధం లేకుండా వచ్చింది. 1914 నూర్పిళ్లప్పుడు అమెరికా వాయవ్య రాష్ట్రాల్లో చాలా మిషన్లు ఉన్నట్టుండి పేలి కాలిపోయాయి. గోధుమకు పట్టిన కాటుక తెగులు నల్లపొడి గాలిలో నిండి ఉండగా, తిరిగే యంత్రంలో పుట్టిన స్థిర విద్యుత్తు రవ్వ దాన్ని అంటించిందని వ్యవసాయ శాఖ పరిశోధకులు తేల్చారు. మందు చాలా సులువు: యంత్రం ఇనుప భాగాలన్నిటినీ తీగతో కలిపి ఆ తీగను భూమిలోకి దించడం, దుమ్మును లాగేసే ఫంకా ఒకటి పెట్టడం.

ప్రశ్న: ఇవి నడుస్తుండగా ఎక్కడ చూడొచ్చు? (హైదరాబాద్)

జవాబు: అమెరికాలో అయితే మొదటి ఉత్తరంలోని మౌంట్ ప్లెజెంట్‌కే వెళ్లండి. 1950 నుంచి జరుగుతోంది, సెప్టెంబరు మొదటి సోమవారం లేబర్ డేతో ముగుస్తుంది. ఇంగ్లండులో పల్లె జీవితం మొత్తం తెలుసుకోవాలంటే రీడింగ్‌లోని గ్రామీణ జీవన మ్యూజియం ఉంది, 1951లో పెట్టింది. అయితే నడిచే యంత్రాలకు తిరునాళ్లే మేలు. గొట్టం దగ్గరికి వెళ్తే గాలి మీ వీపు మీద ఉండేట్టు నిలబడండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి.