రాజీనామా రాసే ముందు ఆ అబ్బాయిని కలవండి

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. ఒక సంస్థ అకౌంట్స్ విభాగంలో టీమ్ లీడర్‌ని. మా చర్చి సంఘంలో యువజన పరిచర్య, అంటే యువతకు చేసే సేవ, బాధ్యత కూడా నాదే. ఈమధ్య ఒక జూనియర్ తయారుచేసిన నివేదిక నచ్చక, ఆమెకు చెప్పకుండా రాత్రి కూర్చుని మొత్తం నేనే తిరగరాశాను. ఆమె వేరే టీమ్‌కు బదిలీ అడిగింది. సంఘంలో పిల్లలు నిలకడగా ఉండడం లేదు. ఒక అబ్బాయి మొదటిసారి వాక్యం (బైబిలు సందేశం) చెబుతూ తడబడితే మైకు తీసుకుని నేనే ముగించాను. అప్పటినుంచి అతను కూడికలకు రావడం మానేశాడు. నాకు సరిగా నిద్ర లేదు, ప్రార్థనకు కూర్చుంటే మనసు నిలవదు. ‘అందరికీ పంచగా మిగిలిన మనిషే మాకు దక్కుతున్నాడు’ అంటోంది నా భార్య. ఉద్యోగం వదిలి పూర్తికాల సంఘ సేవకు రమ్మని దేవుడు పిలుస్తున్నాడా?

జవాబు: సోదరా, మీకు పిలుపు ఉందో లేదో ఒక ఉత్తరం చూసి నేను తేల్చలేను. అయితే అలసట కూడా ఒక్కోసారి పిలుపులాగే వినిపిస్తుంది. అందుకే ఆ నిర్ణయాన్ని ఆరు నెలలు పక్కన పెట్టమంటాను.

నివేదిక సంగతి ఆఫీసు కష్టాల్లో రాశారు, మైకు సంగతి సంఘం కష్టాల్లో రాశారు. ఆ రెండూ పక్కపక్కన పెట్టి ఒకసారి చదవండి. రెండు చోట్లా ఎదుటివాళ్ల చేతిలోని పని మీరు లాక్కున్నారు. పని చక్కగానే పూర్తయి ఉంటుంది, సందేహం లేదు. మనుషులే వెళ్లిపోయారు. రేపు ఉద్యోగం మానేసినా ఈ అలవాటు మీతోనే వస్తుంది. పైగా అప్పుడు రోజంతా సంఘంలోనే ఉంటారు, మైకు ఇంకా దగ్గరగా ఉంటుంది.

బైబిల్లో నిర్గమకాండము 18వ అధ్యాయం మీకు కొత్తేమీ కాదు, బహుశా దాని మీద ప్రసంగం కూడా చేసి ఉంటారు. ఉదయం నుంచి సాయంత్రం దాకా ఇశ్రాయేలు ప్రజల నాయకుడు మోషే ఒక్కడే కూర్చుని తీర్పులు చెబుతుంటే, మామ యిత్రో అది మంచి పద్ధతి కాదన్నాడు. నువ్వే కాదు, నీతో ఉన్న ప్రజలు కూడా నలిగిపోతారన్నాడు. వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి అధికారులను నియమించి, కఠినమైన వ్యాజ్యాలే నీ దగ్గరికి రానివ్వమన్నాడు. ప్రసంగాల్లో మనం తరచూ దాటేసే మాట ఒకటి అక్కడే ఉంది. యిత్రో ఒంటరిగా రాలేదు. మోషే అంతకుముందు పంపించివేసిన భార్య సిప్పోరాను, ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని వచ్చాడు. సలహా ఇవ్వకముందే కుటుంబాన్ని తెచ్చి అతని ముందు నిలబెట్టాడు. మీ భార్య మాటను సణుగుడుగా తీసుకోకండి. సంఘాధ్యక్షుడిగా ఉండగోరేవాడు ముందు తన ఇంటిని చక్కగా నడుపుకోవాలని తిమోతికి రాసిన మొదటి పత్రిక మూడో అధ్యాయంలోనే ఉంది. ఆమెను ‘నేను సేవకు వెళ్లనా?’ అని అడిగితే కాదనలేక తలూపుతుంది. వారంలో ఏ సాయంత్రాలు ఇంటికి కావాలో అడగండి. ఆమె చెప్పిన సాయంత్రాల్లో ఫోను ఎత్తకండి, పాస్టరుగారు చేసినా సరే. ఆ సంగతి ఆయనకు ముందే చెప్పి ఉంచండి.

ఆఫీసులో చేసేది పరిచర్య కాదన్న చిన్నచూపు మీ ఉత్తరంలో అక్కడక్కడా తొంగిచూస్తోంది. కొరింథు పట్టణంలో అపొస్తలుడైన పౌలు, అకుల, ప్రిస్కిల్ల అనే దంపతులతో కలిసి డేరాలు కుట్టాడు. అందువల్ల క్రీస్తు పంపిన సేవకుడిగా ఆయన అపొస్తలత్వం తగ్గిపోలేదు. ఆ జూనియర్ దగ్గరికి వెళ్లి, చెప్పకుండా తిరగరాయడం తప్పేనని ఒప్పుకోండి. అందులో వాక్యాలు, సాక్ష్యాలు కలపకండి, క్షమాపణ పలచబడుతుంది. ఇకమీదట ఎవరి నివేదికలోనైనా లోపం కనిపిస్తే గుర్తుపెట్టి వాళ్లకే తిరిగి ఇవ్వండి. గడువు దగ్గరపడితే పక్కన కూర్చోండి గానీ, కీబోర్డు మాత్రం వాళ్ల చేతిలోనే ఉండనివ్వండి. మొదట్లో పని ఆలస్యమవుతుంది. పైవాళ్లు అడిగితే కారణం మీరే చెప్పుకోవాలి.

నిద్ర సంగతి తేలిగ్గా తీసుకోకండి. బదరీవృక్షం కింద చావు కోరుకున్న ఏలీయా ప్రవక్తకు దేవదూత ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్లు చూపించి తినమన్నాడు. తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చాడు. కొన్నాళ్లు ప్రార్థన చిన్నదైనా ఫర్వాలేదు, రాత్రి కూడికలు తగ్గించి పడుకోండి. రెండు మూడు వారాల్లో నిద్ర కుదురుకోకపోతే డాక్టరును కలవండి. అది విశ్వాసలోపం కాదు.

ఇక ఆ అబ్బాయి. ఫోనులో సందేశం పెట్టి ఊరుకోకుండా ఇంటికి వెళ్లి మాట్లాడండి. మళ్లీ వాక్యం చెప్పడానికి ఇష్టపడితే అతనికి ఒక తేదీ ఇవ్వండి. ఆ రోజు మీరు చివరి వరుసలో కూర్చోండి. తడబడినా, మధ్యలో ఆగిపోయినా లేవకండి. సరిదిద్దాల్సినవి ఉంటే మర్నాడు, ఇద్దరే ఉన్నప్పుడు చెప్పవచ్చు. ఆరు నెలలయ్యాక కూడా సేవ గురించిన ఆలోచన అలాగే ఉంటే, మీ భార్యను తీసుకుని సంఘ పెద్దల దగ్గరికి వెళ్లండి.